తెల్ల నర్సమ్మ నోట అమ్మ పేరు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, అమ్మకు జబ్బు చేస్తే పుంగనూరు నుంచి మదనపల్లెకు తెచ్చి ఒక మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. నాయన పగలంతా మందులకు తిరిగేవాడు. నేను వరండాలో కూర్చుని, లోపలికి ఎప్పుడు పిలుస్తారా అని వార్డు తలుపువైపే చూస్తుండేదాన్ని.

అక్కడ, జర్మనీ నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయిన ఒక పెద్దావిడ ఉండేది. తెల్ల నర్సమ్మ అనేవాళ్ళు. మా మాటే మాట్లాడేది, కాకపోతే కొన్ని అక్షరాలు ఆమె నోట్లో మెత్తబడిపోయేవి. ఒకరోజు బెంగళూరు నుంచి ఎవరో తాబేలు డిప్పలాంటి పాత కారులో వచ్చారు. దాని వెనకున్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "వోక్స్‌వేగన్" అని చదివాను. నర్సమ్మ నవ్వింది.

"అట్ల కాదు పాపా. మా దేశంలో ఫొల్క్స్‌వాగన్ అంటారు. జనం బండి అని. మా నాయన అట్లే అనేవాడు." కాసేపు కారువైపే చూసి, "ఆ మాట సరిగ్గా ఇని ఎన్నేండ్లయిందో" అంది.

నాకేదో ధైర్యం వచ్చింది. "నర్సమ్మా, మా అమ్మ పేరు నువ్వు తప్పు పలకతాండావు" అన్నాను.

అమ్మ పేరులో ఒక 'ళ' ఉంది. ఆమె నోట అది 'ల' అయ్యేది. ఆమె కోప్పడలేదు. పక్కన కూర్చుని "సెప్పు, నేర్చుకుంటా" అంది. నాలుక ఎట్లా మడవాలో నోరు తెరిచి చూపించాను. ఆమె తంటాలు చూసి, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి నవ్వాను. చివరికి పలికింది.

తర్వాత అమ్మకు జబ్బు బాగా ముదిరింది. నన్నూ లోపలికి పిలిచారు. నాయన పిలిచినా కళ్ళు తెరవలేదు. నర్సమ్మ వంగి, చెవి దగ్గర ఆ పేరు పలికింది, 'ళ' ఎక్కడా జారకుండా. అమ్మ కళ్ళు తెరిచింది. వెతికి వెతికి నన్ను చూసింది. ఆ సాయంత్రమే పోయింది.

"ఇనింది పాపా. మీ అమ్మ ఇనింది," అంటూ నన్ను పొదువుకుని నర్సమ్మ కూడా ఏడ్చింది.

ఇప్పుడు కుప్పంలో పంతులమ్మను. తమిళం ఇళ్ళ పిల్లలు, కన్నడం ఇళ్ళ పిల్లలు వస్తారు. బడిలో చేరిన రోజే "మీ ఇంట్లో ఎట్ల పిలుస్తారమ్మా?" అని అడిగి, వాళ్ళు తలూపేదాకా ఆ పేరు పలుకుతాను. అమ్మ నా పేరు చివరి అక్షరాన్ని కొంచెం సాగదీసి పిలిచేది. ఆ పిలుపు ఎట్లుండేదో మా ఇంట్లో పిల్లలకు వినిపించాలని చాలాసార్లు చూశాను. నా నోటికి అది రావడం లేదు.