పెద్ద చక్రాల కారులో ఆడపడుచు సారె

మొన్న మా చెల్లెలి కొడుకు వచ్చి సోఫాలో నా పక్కన చేరగిలబడి, ఫోనులో వరసగా కారు చక్రాల బొమ్మలు చూపిస్తూ, ఈమధ్యనే కొన్న తన పాత రెండు తలుపుల కారుకి వీటిలో ఏవి వేయిస్తే నప్పుతాయో చెప్పమన్నాడు. కంపెనీ వేసినవి బొత్తిగా చిన్నవట, కాస్త పెద్దవి వేయిస్తే గానీ కారుకి కళ రాదట. వాడు ఏదో అడుగుతూనే ఉన్నాడు, నాకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. పాలు పొంగిపోతున్నాయంటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. తీరా చూస్తే పొయ్యి మీద పాలగిన్నే లేదు.

ఇన్నేళ్లయినా కారు చక్రం మాటెత్తితే నాకు తలెత్తబుద్ధి కాదు. మన ఈడు ఆడవాళ్లయితే నా అవస్థ అర్థం చేసుకుంటారు. ఈ కాలం పిల్లలకు చెబితే దానికింత సిగ్గేమిటి అంటారు.

అప్పుడు మేము ఉక్కునగరంలో ఉండేవాళ్లం. మావారు ప్లాంటులో క్రేను నడిపేవారు. మా వరసలో ఏ ఇంటి ముందు చూసినా స్కూటరే తప్ప కారు లేని రోజుల్లో, బదిలీ మీద వెళ్లిపోతున్న ఓడరేవు ఆఫీసరు ఒకాయన దగ్గర ఈయన ఒక పాత ఎర్ర కారు కొనుక్కొచ్చారు. రెండే తలుపులు, నేలకి అంటుకుపోయినట్టుండే ఒళ్లు, పరుగు పందేలకు పనికొచ్చే రకం అని చెప్పారు. ముందు రెండు సీట్లు, వెనక పిల్లలు ముడుచుకుని కూర్చునే బల్లంత చోటు. చీర కట్టుకుని అందులోకి ఎక్కడమంటే బావిలోకి దిగినట్టే ఉండేది. అయినా ఆయన నైటు షిఫ్టు చేసి వచ్చి, నిద్రయినా పోకుండా దాన్ని తుడుచుకుంటుంటే, పసిపిల్లకి తలంటు పోస్తున్న తల్లిలా కనిపించేవారు.

మా అన్నయ్య ఒకసారి పండగ భోజనానికి వచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బావా, కారు సూత్తే పులి, సక్రాలు సూత్తే పిల్లి" అనేసి పకపకా నవ్వాడు. మావారూ నవ్వారు గానీ ఆ పూట గారెలు విస్తట్లోనే వదిలేశారు. అప్పుడే అనుకున్నాను, ఈయన మనసులో పెద్ద చక్రాలు పడ్డాయని.

దానికి తోడు ఆడపడుచు సారె దగ్గర పడింది. మా మామగారు పోయారు కనుక తండ్రి స్థానంలో మావారే ఆ పిల్ల పెళ్లి చేశారు. ఇచ్చింది ఆనందపురం అవతల పల్లెలో, పొలమూ ట్రాక్టరూ ఉన్న ఇంట్లో. పెళ్లిలోనే వాళ్ల వైపు ఆడవాళ్లు కొందరు మమ్మల్ని క్వార్టర్లోళ్లు, సొంత కొంప లేనోళ్లు అని చాటుగా అనుకోవడం ఆ పిల్ల చెవిన పడింది. ఇప్పుడు సారెతో పిల్లని దింపి రావాలి. సారె ఎలా వచ్చిందో, ఎందులో వచ్చిందో, వీధి వీధంతా చూస్తుంది. ఆ చూపుల్ని బట్టే కొత్త కోడలికి ఆ ఇంట్లో గౌరవం. అన్నగారి కారు దర్జాగా వెళ్లి ఆగాలని ఆయన పట్టుదల, ఆగాలని ఆ పిల్ల ఆశ.

గాజువాక మెయిన్ రోడ్డులో టైర్ల కొట్టుకి నన్నూ తీసుకెళ్లారు. గోడ నిండా చక్రాలు, స్టీలు సామాన్ల కొట్లో పళ్లేల్లాగ తళతళలాడుతూ వేలాడుతున్నాయి. ఆయన అన్నింటికన్నా పెద్దది చూపించారు, నాకూ అదే నచ్చింది. దాని మీదికి టైరు కూడా బాగా లావుపాటిదే కావాలన్నారు. కొట్టతను నచ్చజెప్పబోయాడు.

"అన్నా, రిమ్ము పెద్దదైనపుడు టైరు పల్సందే ఎయ్యాల. ఇంత లావుదెయ్యిత్తే, లోడెక్కినపుడు పైన రేకుకి రాసేత్తది."

"నా బండికి లోడేటి? ఇద్దరం మనుషులం" అన్నారు ఈయన.

బిగించాక ఆయన ఒక్కరే ఎక్కి కొట్టు ముందు రెండు చుట్లు తిప్పారు. ఎక్కడా తగల్లేదు. రోజూ ఎన్నేసి టన్నుల ఇనుమో ఎత్తి దించే మనిషికి, ఆడపిల్ల సారె కూడా బరువేనన్న సంగతి తట్టలేదు. నాకు మాత్రం తట్టిందా?

ఇక సారె వంటలు. సున్నుండల దగ్గర నా చెయ్యి మా సెక్టారులో పేరుపడ్డ చెయ్యి, గొప్పకి చెప్పడం లేదు. మినప్పప్పు సన్నటి మంట మీద, కమ్మటి వాసన వచ్చి గింజ గింజా ఒకే ఎరుపు తిరిగేదాకా వేయించాలి. ఒక్క గింజ నల్లబడినా మొత్తానికి చేదు తగులుతుంది. ఎవరింట సీమంతమైనా, పెళ్లయినా పప్పు వేయించడానికి నన్నే పిలిచేవారు. ఆ పిల్ల సారె కోసం ఇత్తడి బిందె నిండా చేసి, పసుపు గుడ్డ వాసెన కట్టాను. అరిసెలు, చలిమిడి, పళ్లు, చీరలు, పట్టెమంచం దుప్పట్లు అన్నీ కారు వెనక డిక్కీలో కుక్కి, బిందెని సరిగ్గా చక్రం మీదుగా వచ్చే మూలలో కదలకుండా ఇరికించాం. పిల్ల ముందు కూర్చుంది, నేను వెనక అరటి గెలతో సహా ముడుచుకున్నాను.

హనుమంతవాక దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత గతుకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి కర్రుమని చప్పుడు, కాసేపటికి కాలుతున్న వాసన. ముందు పోయే లారీదన్నారు ఆయన. లారీ పక్కకి తప్పుకుంది గానీ వాసన తప్పుకోలేదు. ఆనందపురం జంక్షనులో పొగ కూడా లేచేసరికి ఆపక తప్పలేదు. దిగి చూస్తే టైరు ఒక పక్కంతా రేకు కోసేసి పీలికలై ఉంది. జనం మూగారు. అందులో ఎవరో, "ఏటి బావా, కార్లో పొయ్యెట్టీసినావేటి?" అనగానే రోడ్డంతా నవ్వింది. కొత్త పట్టుచీరలో ఆ పిల్ల కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

స్టెప్నీ ఉంది గానీ అది పాత చిన్న చక్రం. అదే బిగించారు. మూడు పెద్ద చక్రాలు, ఒక పొట్టి చక్రంతో, కుంటుకుంటూ, ఒక పక్కకి ఒరిగిపోయి, మెల్లగా పోయింది మా పులి. ఆ వీధిలోకి తిరిగేసరికి హారతి పళ్లెంతో ఆడవాళ్లందరూ అరుగుల మీదే ఉన్నారు. ఎక్కడైనా గొయ్యి ఉంటే కారుతో సహా అందులో దిగిపోదును.

అంతకన్నా పెద్ద సిగ్గు లోపల కాచుకుని ఉంది. ఆడపడుచు అత్తగారు వచ్చినవాళ్లందరి ఎదుటా బిందె మీది గుడ్డ విప్పారు. గుప్పుమని రబ్బరు కంపు. నెయ్యి సంగతి మీకు తెలుసు కదా, పక్కన ఏ వాసన ఉంటే అది పట్టేసుకుంటుంది. ఒకావిడ చిదిపి నోట్లో వేసుకుని, మింగలేక పక్కావిడ వంక చూసింది. సారె ఇంటింటికీ పంచకపోతే పిల్లకి తలవంపులు. పంచితే, కారు కాల్చి తెచ్చిన మిఠాయి అని అన్నగారి పేరు ఊరంతా నవ్వులపాలు, ఆ పిల్లకి జన్మంతా దెప్పిపొడుపు. పిల్ల తడి కళ్లతో నా వంకే చూస్తోంది.

అప్పుడు ఆ అత్తగారే ఒక ఉండ మొత్తం నోట్లో వేసుకుని, నింపాదిగా నమిలి మింగారు.

"ఏటలా మొకమొకాలు సూసుకుంతన్నారు? ఆ వొదినమ్మ పప్పు కూసింత మాడ్సేసింది, అంతే. పెళ్లి పన్లున్న కొంపలో ఆ పాటి అవ్వదేటి? పట్టండి, పంచండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను మావారి వైపు చూశాను. ఆయన గుమ్మం పక్కన వంగి చెప్పు కింద లేని మట్టిని రాస్తున్నారు. నేను తల ఊపాను. అవునండీ, మంట ఎక్కువైపోయింది అన్నాను. మాడిన పప్పు వంటింటి సంగతి, నవ్వి వదిలేస్తారు. దాంతో ఆ పిల్లకి ఏమీ అంటుకోదు. అంతా తెలిసే అన్నాను గానీ, ఆ అవునండీ అన్న మాట గొంతులో ఎంత చేదుగా తగిలిందో నాకే తెలుసు.

సున్నుండలు పళ్లేల్లో ఇంటింటికీ వెళ్లాయి, వాటితో పాటు నా పేరూ వెళ్లింది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ శుభకార్యానికి వెళ్లినా, పప్పు మూకుడు దగ్గరికి మాత్రం ఆవిణ్ని రానీకండర్రా అని సరదాకి అనేవారు, నేనూ నవ్వేదాన్ని, మెడ వెనక నుంచి చెమటలు కారేవి. ఆడపడుచు ఆ ఇంట్లో మహారాణిలా బతికింది, నాకంతే చాలు. మావారు మర్నాడే పాత చక్రాలు వేయించేసుకున్నారు. దాని గురించి ఆ రోజూ మాట్లాడలేదు, పోయేదాకానూ మాట్లాడలేదు. నేను మాడ్చలేదని ఒక్కసారి, పదిమందిలో కాకపోయినా, నాతోనైనా అంటారేమోనని ఎదురుచూశాను. ఈ వయసులో కూడా ఆ ఒక్క మాట కోసం మనసు పీకుతోందే అని ఇప్పుడు దానికీ సిగ్గేస్తుంది.

కిందటేడు ఆ ఆడపడుచు కూతురికే సారె పెట్టారు. కొట్లోంచి అట్టపెట్టెలు దిగాయి, ఒకదానిలాగే ఇంకొకటి, పైన అద్దంలాంటి కాగితం అంటించి. ఇంటింటికీ తిరిగి పంచింది డ్రైవరు. ఎవరు చేశారని గానీ, ఎవరి చెయ్యని గానీ అడిగినవాళ్లు లేరు. దేవుడి దగ్గర పెట్టడానికైనా నాలుగు ఉండలు చేసి పెట్టమని ఆడపడుచు బతిమాలితే చేశాను. అప్పటి ఆ కారు సారె నాటి నుంచి పప్పు ఎరుపు తిరగకముందే దించేస్తున్నాను, ఆగాలని ఎంత గట్టిగా అనుకున్నా చెయ్యి ఆగదు. ఉండల్లో పచ్చి వాసన నాకే తెలుస్తోంది. పిల్లలందరూ తలొక ముక్క నోట్లో వేసుకుని, బాగుందత్తా, సూపరుగా ఉందమ్మమ్మా అంటూ ఫోన్లు చూసుకుంటూ వెళ్లిపోయారు. పప్పు వేగలేదని ఒక్కరూ అనలేదు. అలా అనగలిగిన వాళ్లు ఆ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.