సలోమి సిస్టరమ్మ ఇచ్చిన చిటికెడు వాము

ఈ ఉదయం కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో పెనం మీద వాము వేగుతోంది. ఆ ఘాటు తగలగానే, పేపరు వార్త మీద మా వారితో వాదిస్తున్నదాన్ని టక్కున ఆగిపోయాను. "నిన్ను ఆపే దినుసు ఒకటుందన్నమాట," అన్నారాయన. ఉంది. దాన్ని నా చేతిలో పెట్టింది సలోమి సిస్టరమ్మ.

పోలీస్ యాక్షన్ అయిన రెండేళ్ళకు, నేను బి.ఏ. పాసై ఇంట్లో అందరితో తగాదా పడుతూ కూర్చున్న రోజులవి. సిస్టరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి బొల్లారంలో స్థిరపడ్డ నర్సు. రిటైరయ్యాక వారానికోసారి జైల్లో ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళి, నల్లమందు, గంజాయి, సారా అలవాటున్నవాళ్ళకు ఆరోగ్య పాఠాలు చెప్పేవారు. మా ఇంటికి వచ్చిపోయే ఆమె నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. మొదటి రోజే నేను కాలేయం బొమ్మ గోడకు తగిలించి, మత్తు మనిషిని పశువును చేస్తుందని అరగంట దంచాను. ముందు వరసలో, ఏడాది నిండని కూతుర్ని ఒళ్ళో వేసుకున్న యాదమ్మ ఆవులించింది.

"మా బర్రె ఏ మత్తూ ముట్టదమ్మా. దాన్నెందుకు తిడ్తవ్?"

వార్డంతా నవ్వింది. సిస్టరమ్మ కూడా నవ్వారు, అది నాకు ఇంకా మండింది. ఆమె బొమ్మ తీసి చుట్టేసి, వాళ్ళ మధ్య నేల మీద కూర్చున్నారు.

"యాదమ్మా, నల్లమందుకు ఎన్నింటికి లాగుద్దమ్మా నీకు?"

"పొద్దు వాలంగనే. ఒళ్ళంత చీమలు పాకినట్లుంటది."

ఆ వేళకు పక్కన ఎవరు కూర్చోవాలో వాళ్ళ చేతే చెప్పించి, వేయించిన వాము చిటికెడు యాదమ్మ అరచేతిలో పోశారు. "ఇది మందు కాదు, నోటికి పని. ఇది నమిలేదాకా ఆగు. ఆ తర్వాత ఇంకో చిటికెడు."

మూడో వారం వెళ్ళేసరికి యాదమ్మ బిడ్డ మెలకువ లేకుండా పడుంది. అరికాలు గిల్లినా ఏడవలేదు. యాదమ్మ గోటికి నల్లటి మరక. దొంగచాటుగా వార్డులోకి నల్లమందు వస్తూనే ఉండేది. "పసిదానికి నల్లమందు పెట్టావా? నువ్వు తల్లివేనా? జైలరుతో చెప్తానుండు," అని అరిచాను. యాదమ్మ నోరు బిగుసుకుపోయింది. ఎంత పెట్టిందో, ఎప్పుడు పెట్టిందో డాక్టరుకు తెలియాలి. అది చెప్పగలిగిన ఒక్క నోటినీ నేనే మూసేశాను.

సిస్టరమ్మ నా చెయ్యి లాగి గుప్పెట్లో వాము పెట్టారు. "నమలు, అమ్మాయ్. అయ్యేదాకా మాట్లాడకు." తర్వాత బిడ్డను భుజాన వేసుకుని యాదమ్మ వైపు వంగారు.

"ఎంత రాశావమ్మా?"

"గోటికంటినంత. కూలికి పొయ్యేటప్పుడు మా అమ్మ సుత మమ్ముల గిట్లనే పండవెట్టేది. పొద్దుగాల ఒకసారి..." బిడ్డ అరికాలు నిమిరింది. "జెరంత సేపైనంక మల్లొకసారి."

ఆ రెండోసారి సంగతి మోసుకుని ఆమె జైలు డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. అరవై దాటిన మనిషి. సాయంత్రానికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అంత తీయని ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

తిరుగుదారిలోనూ నేను ఊరుకోలేదు. "తప్పు తప్పే కదా, సిస్టరమ్మా?"

"తప్పే. ఆ మాట ముందు అన్నావు. జవాబు వచ్చిందా?"

మరుసటి వారం కాలేయం బొమ్మ వేలాడిన గోడ దగ్గర యాదమ్మ నిలబడి, మిగతా తల్లులకు తన గోరు చూపించి జరిగింది చెప్పింది. నా అరగంట ఉపన్యాసానికి నవ్వినవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఆమె విడుదలయ్యేదాకా మళ్ళీ ముట్టలేదని నాకు తెలుసు. ఆ తర్వాతది తెలియదు. తెలిసినట్టు రాయను.

నా నోరు మారిందని ఎవరైనా అంటే నమ్మకండి. కాలేజీలో పాఠం చెబుతూ ఇన్నేళ్ళైనా, ఎవరి తప్పయినా కంటబడితే నాలుక ఇప్పటికీ లాగుతుంది. అందుకే సంచిలో చిన్న వాము డబ్బా ఉంటుంది. చిటికెడు నోట్లో వేసుకుంటాను. నమలడం అయ్యాక కూడా తిట్టాలనిపిస్తే తిడతాను. చాలాసార్లు, అడగవలసిన ప్రశ్నే మిగులుతుంది.