ఆగ్నేయంలో పొగగొట్టం

మా అత్తగారు పొగను లెక్కచేసే మనిషి కాదు. దివిసీమలోని మా ఊళ్ళో ఏ వంటింటికీ పొగ పోయే దారంటూ విడిగా ఉండేది కాదు. పెంకుల సందుల్లోంచి దాని దారి అది చూసుకునేది. తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి వంటింటి వాసాలు తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. గ్యాసు కోసం పేరు రాయించాం గానీ, అదెప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. అందాకా సరుగుడు కట్టెలూ, కొబ్బరి మట్టలూ, పిడకలూ.

ఆ ఏడు వానలు ముసురు పట్టి కట్టెలన్నీ తడిశాయి. తడి కట్టెల పొగలోనే ఆవిడ మూడు పూటలా వండింది. చలికాలం వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. ఏ మాట మొదలుపెట్టినా సగంలో దగ్గు అందుకునేది. ‘‘ఆ పులుసులో ఉప్పు...’’ అని ఆగిపోతే, ఎక్కువైందో తక్కువైందో మేమే ఊహించుకోవాలి. కషాయాలూ మిరియాల పాలూ అయిపోయాక ఆవిణ్ణి బందరు తీసుకెళ్ళాం. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఇన్నేళ్ళ పొగ ఊపిరితిత్తుల్ని పాడుచేసిందన్నారు. ‘‘ఇక పొయ్యి దగ్గరికి పంపకండి. మళ్ళీ వానాకాలం ఇదే పొగ పీలిస్తే ఊపిరి అందడమే కష్టమండీ’’ అని గట్టిగా చెప్పారు.

ఇంటికొచ్చాక మా మావగారు ‘‘రేపట్నుంచి వంట అమ్మాయి చూసుకుంటుంది’’ అని తేల్చేశారు. అత్తగారు వసారాలో మంచం మీద కూర్చుని, లోపల నేను గిన్నె దించినా గరిటె పెట్టినా అటే చూస్తుండేది. పెత్తనం చేతికొచ్చిందని సంబరపడే కోడలిని కాను నేను. పైగా నా వంట సంగతి నాకు తెలుసు. ఆవిడ కంచంలో అన్నం కెలికి లేచిపోతుంటే, నా చేతి వంట నచ్చలేదేమో అనుకున్నాను. ఒకరోజు అడిగేశాను.

‘‘నీ వంటకేం, బానే ఉంది. పొయ్యి దగ్గరికి వెళ్ళకపోతే పొద్దెందుకు పొడుస్తుందో తెలీడం లేదే నాకు’’ అంది, మధ్యలో రెండుసార్లు ఆగి.

పంపితే ఊపిరికి ముప్పు. పంపకపోతే మనిషే తరిగిపోతోంది. నాకు అప్పటికప్పుడే కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, పొగ మీద. పొమ్మనాల్సిన దాన్ని వదిలేసి మనిషిని పొమ్మంటామేమిటి? గుడివాడ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు పక్కింట్లో పెరిగినదాన్ని నేను. ఎంత పొగైనా ఎత్తయిన గొట్టం ఉంటే నోరు మూసుకుని పైకి పోతుందని పలక పట్టకముందే చూశాను. వంటింటి పొయ్యికి గొట్టం పెట్టిస్తానని ఆ సాయంత్రమే ప్రకటించాను. మా ఆయన ‘‘నాన్నగారిని అడిగావా?’’ అన్నారు. ‘‘చెబుతున్నాను గదా, అడగడమెందుకు?’’ అన్నాను.

బందరు నుంచి సిమెంటు గొట్టాలు బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చాం. తాపీ మేస్త్రీ పాత పొయ్యి తీసేసి, ఇటుకలూ బంకమట్టితో రెండు గిన్నెలు పట్టే కొత్త పొయ్యి కట్టాడు. దాని వెనక నుంచి గొట్టాన్ని గోడ వారగా నిలబెట్టి, పైన కొన్ని పెంకులు తీసి బయటికి పంపాడు. వాసానికి వేడి తగలకుండా చుట్టూ మట్టి మెత్తాడు, వాన కారకుండా రేకు తొడిగాడు. ఇంటి కప్పు కొసనున్న కొప్పు దాటేలా ఇంకో ముక్క అతకబోతుంటే మా మావగారు పెరట్లోకొచ్చి నిలబడ్డారు.

‘‘మేస్త్రీ, అక్కడితో ఆపు. వంటిల్లు ఆగ్నేయం. ఆగ్నేయం నైరుతి కంటే ఎత్తు లేవకూడదు.’’

‘‘పొట్టిగా ఉంటే పొగ లాగదేమో మావయ్యగారూ’’ అన్నాను.

‘‘ఆగ్నేయం లేస్తే ఇంటి ఇల్లాలికి మంచిది కాదమ్మా. నీకు తెలీదు.’’

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మేస్త్రీ నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు, నిచ్చెన దిగిపోయాడు. గొట్టం పెంకుల మీద జానెడు లేచి అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం వంట బాగానే అయింది. నేను గర్వంగా తిరిగాను. అది వేసవి. సాయంత్రం పైరగాలి మొదలవగానే ఆ గాలి ఇంటి వాలుకి కొట్టుకుని సరిగ్గా పొట్టి గొట్టం నోట్లోకి దిగింది. పొగంతా వెనక్కి తిరిగి పొయ్యి నోట్లోంచి ఇంట్లోకి తన్నింది. ఇదివరకు వంటింట్లోనే ఉండే పొగ నడవలోకీ వసారాలోకీ వచ్చేసింది. అత్తగారు మంచం పట్టె పట్టుకుని దగ్గుతుంటే ఆవిడ వీపు రాస్తూ నాకు ఏడుపొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని చూడొచ్చిన వాళ్ళంతా అన్నారు. గొట్టం పీకించేద్దామని మా ఆయన అన్నారు.

‘‘పీకించడం కాదండీ, పెంచాలి’’ అన్నాను.

మర్నాడు పొద్దున్నే మావగారు పేపరు చదువుతుంటే ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

‘‘మావయ్యగారూ, ఆగ్నేయం లేస్తే ఇల్లాలికి మంచిది కాదన్నారు. నిన్న అత్తయ్య దగ్గు విన్నారు గదా?’’

ఆయన పేపరు దించలేదు.

‘‘ఈశాన్యంలో మన టీవీ యాంటెనా గడ ఇంటి కొప్పు కంటే ఎత్తు ఉంది. ఈశాన్యం లేవొచ్చా మరి?’’

‘‘అది కర్రేనమ్మా.’’

‘‘ఇది గొట్టమేనండీ.’’

పేపరు దిగింది. సందు దొరికితే నేను వదలను. ఆ యాంటెనా తీసుకెళ్ళి నైరుతి మూల పెడదాం, పొలంలో పాడైపోయిన బోరు పైపు ఉంది గదా, దాన్ని నిలబెట్టి పైన బిగిద్దాం, ఇంటికల్లా నైరుతే ఎత్తవుతుంది, అప్పుడు గొట్టం కొప్పు దాటినా శాస్త్రానికి లోటు రాదు అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత చొక్కా వేసుకుని, మా దగ్గర్లోనే ఉన్న శ్రీకాకుళం అనే పల్లెటూళ్ళో ఆయనకి తెలిసిన సిద్ధాంతి గారి దగ్గరికి బయల్దేరారు. భోజనాల వేళకి తిరిగొచ్చారు.

‘‘శాస్త్రం రాసిన రోజుల్లో యాంటెనాలు లేవట. కానీ ఎత్తు ఎత్తేనట’’ అన్నారు. ‘‘మేస్త్రీకి కబురు పెట్టు.’’

ఆ వారం మా ఇంటి మీద ఊరందరి కళ్ళూ పడ్డాయి. ఆగ్నేయం మూల మేస్త్రీ గొట్టానికి ఇంకో ముక్క అతికి, కొప్పు దాటించి, పైన రేకు టోపీ పెట్టాడు. నైరుతి మూల మా ఆయన బోరు పైపు పట్టుకుని తిప్పుతూ ‘‘వచ్చిందా?’’ అని కేకలు. నేను టీవీ ముందు నిలబడి ‘‘చుక్కలొచ్చాయి!’’ అని కేకలు. ఆ మూల కొబ్బరి చెట్లు అడ్డమేమో, ఎటు తిప్పినా చుక్కలే. వార్తలు చదివే ఆవిడ మొహం ఇసుక చల్లినట్టు వచ్చేది. రోజూ వార్తలు చూడందే అన్నం తినని మా మావగారు ఆ చుక్కల ముందే కుర్చీ వేసుకుని, ‘‘వార్తలు వినడానికేగా, చూడ్డానికా?’’ అన్నారు. పెళ్ళాం మీద ప్రేమ నోటితో చెప్పే మనిషి కాదాయన. ఆ రోజు ఆయనంటే నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది.

సాయంత్రం కావాలనే పైరగాలి వచ్చేదాకా ఆగి పొయ్యి వెలిగించాను. కొబ్బరి మట్ట అంటుకుంది, కట్టె రాజుకుంది. బయటికి పరిగెత్తి చూస్తే కొప్పు మీంచి పొగ ఉత్తరానికి, పొలాల మీదుగా వెళ్ళిపోతోంది. లోపలికొచ్చేసరికి అత్తగారు ఎవరూ పిలవకుండానే పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది. లేపకుండా వంకాయల బుట్ట ఆవిడ ముందుకి జరిపాను. వంకాయలు తరిగింది, పోపు పెట్టింది. పోపు ఘాటుకి మాత్రం ఒకసారి తుమ్మింది.

నేను పక్కన కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నాను. ఆ సంతోషంలో కాస్త ఎక్కువే తోశానేమో, మంట గిన్నె అంచు దాటింది.

‘‘ఏమే, చితి పేరుస్తున్నావా, వంటకి మంట పెడుతున్నావా? ఒకటి తీసి ఒకటి పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నేనలా వసారాలో కూర్చున్నానో లేదో, ఉప్పు డబ్బా తీసి చింతపండు చోట పెట్టావు, పప్పు గరిటె పాలగిన్నెలో వేశావు, అట్లపెనం తోమి తోమి దాని నూనె పదునంతా పోగొట్టావు, పైగా ఊళ్ళో అందరికీ గొట్టం కథలు చెప్పడానికి మాత్రం తీరిక! లే, ఆ కట్టె వెనక్కి లాగు, కూర మాడిందంటే నిన్నే తినమంటాను!’’

టీవీ చప్పుడు ఆగిపోయింది. మా మావగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ మొదలుపెట్టిన మాట చివరిదాకా వెళ్ళింది. మధ్యలో ఒక్క దగ్గు రాలేదు. నా కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి.

‘‘ఇంకాసేపు తిట్టండత్తయ్యా’’ అన్నాను.