ఊరికే పిలవకూడని పేరు

నాకు ఇంగ్లీషు బందరు లైబ్రరీ నేర్పింది. అంత ఇష్టంగా నేర్చుకున్నది ఒకరోజు నోట్లోంచి రాలేదు. అది చూసినవాళ్లలో నేనే మిగిలాను కాబట్టి రాసిపెడుతున్నాను. నిన్న పాలు పొంగితే మా అమ్మాయి "ఓ మై గాడ్" అంది. అప్పుడు గుర్తొచ్చింది.

పదేళ్లప్పుడు నేనూ అలాగే అనేదాన్ని. కథల పుస్తకాల్లో దొరలు ఆశ్చర్యపోయి అనే మాటలన్నీ ఏరుకొచ్చి ఇంట్లో వాడేదాన్ని. ఆదివారం చర్చి మానని నాయనమ్మ ఊరుకునేది కాదు.

"బొద్దింక కనపడ్డా దేవుడే రావాలటే?"

"మరేమనాలి నాయనమ్మా?"

"నోరు మూసుకో. ఊరికే పిలిస్తే, పనున్నప్పుడు పలకడు."

నేను నమ్మాను. రోజువారీ వాడకానికి 'గుడ్ గ్రేషస్', 'మై గుడ్‌నెస్' వెతికి పెట్టుకుని, దేవుడి పేరు అవసరానికి దాచుకున్నాను.

ఆ ఏడు వానల్లో గుడివాడ ఆసుపత్రి నుంచి మావయ్య వచ్చి, అమ్మ ఇక లేదని చెప్పాడు. నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. రొయ్యపొట్టు వేపుడు వాసన వస్తూనే ఉంది. మాట రాలేదు, ఏడుపూ రాలేదు.

నాయనమ్మ నా భుజాలు పట్టుకుని కుదిపింది. "ఇప్పుడు పిలువమ్మా. ఇప్పుడు పిలవొచ్చు. నీ ఇంగ్లీషులోనే పిలువు."

నేను పళ్లెం చూస్తూ ఉండిపోయాను. చివరికి ఆవిడే పిలిచింది, గొంతు పోయేదాకా.

ఆ మాటలు ఎప్పుడు రావో ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

పుస్తకాలు ఇంటికిచ్చిన లైబ్రరీ శేషగిరి గారికి, ఆ పూట నా చేయి కడిగిన పక్కింటి నాగమణి అత్తయ్యకి, నా బదులు పిలిచిన మా నాయనమ్మ రత్నమ్మకి కృతజ్ఞతలు.