గాలి బాగా ఆడే షెడ్డు

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా ఆవిడ నా మాటలన్నింటినీ నాలుగో వంతుకు తగ్గించుకుని వింటుంది, మీరూ అలాగే చదువుకోండి. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను బెంగళూరు పక్కన జిగణిలో కుక్కర్ల పిడులు తయారుచేసే ఒక కంపెనీలో కంపెనీ సెక్రటరీగా చేరాను. ఇంకా ప్రొబేషనే. ఉద్యోగం ఖాయం కాకపోతే అనంతపురంలో మా మేనమామ ఎరువుల కొట్టులో కూర్చోవాలి. యూరియా వాసనకు నా తుమ్ములు హిందూపురం దాకా వినిపించేవి కాబట్టి ఈ కంపెనీ ఉద్యోగం నాకు ప్రాణంతో సమానం.

షేర్లు జనానికి అమ్ముకున్న కంపెనీలన్నీ బయటివాళ్లను కూడా డైరెక్టర్లుగా పెట్టుకోవాలని అప్పుడే కొత్త నియమం వచ్చింది. చుట్టాలు పనికిరారు, లావాదేవీలున్నవాళ్లు పనికిరారు. మా ఛైర్మన్‌కేమో జిగణి నుంచి ఆనేకల్ దాకా చుట్టం కాని మనిషి లేడు (చుట్టం కానివాడు పిడులు కొనేవాడై ఉండేవాడు). చివరికి ఆయనకు చందాపుర మిషన్ స్కూల్లో తనకు లెక్కలు చెప్పిన టీచరమ్మ గుర్తొచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, రిటైరై చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుకుంటోంది. ఆమెకైతే వ్యాపారం ఏం తెలుస్తుంది, భోజనమయ్యాక కునుకు తీస్తుందిలే అనుకున్నాడు పాపం.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. బోర్డు మీటింగు మినిట్సును, అంటే అక్కడ ఏం జరిగిందో రాసే కాగితాన్ని, ముందురోజే టైపు చేసేసేవాళ్లం, పెళ్లి కాకముందే పెళ్లి ఫొటోలు కడిగించినట్టు. ఆసారి ముఖ్యమైన అంశం ఛైర్మన్‌గారి బావమరిది షెడ్డు. దాన్ని కంపెనీ గోడౌన్ కోసం కొనాలి. అందరూ క్షుణ్ణంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారని రాశాను. అక్కడితో ఆగితే బాగుండేది. కొత్త ఉత్సాహంలో, టీచరమ్మగారు ఈ ప్రతిపాదనను హర్షిస్తూ చక్కగా మాట్లాడారని కూడా కలిపాను. పొద్దున హడావుడిలో అజెండాకు బదులు ఆ కాగితాన్నే ఆమె ఫైల్లో పెట్టాను.

మీటింగు మొదలైంది. టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చదివి, నేను బాగానే మాట్లాడాను బాబూ అంది నాతో. నా చెమట జిగణి చెరువును నింపేంత పట్టింది. తర్వాత ఛైర్మన్ వైపు తిరిగి, అంతమంది కోటు డైరెక్టర్ల ముందు అడిగింది. “ఏరా, ఆ షెడ్డు నువ్వు చూశావా?”

ఛైర్మన్ కుర్చీలోంచి సగం లేచాడు (అలవాటు ఎక్కడికి పోతుంది). “చూళ్లే టీచర్. మా బావమరిది చెప్పినాడు.”

పక్క కుర్చీలోని బావమరిది (అతనూ డైరెక్టరే) అందుకున్నాడు. “సూపర్‌గా ఉండాది టీచర్. గాలి బాగా ఆడ్తాది.”

చూసినవాళ్లు ఇంకెవరని ఆమె ఒక్కొక్కరినీ అడిగింది. హోంవర్కు చేయని పిల్లల్లా అందరూ బల్ల వైపు చూశారు. చూసొద్దాం పదండి అంది. బోర్డు బోర్డంతా ఒకే సుమోలో ఇరుక్కుని, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని షెడ్డు ఉన్న చందాపుర బయలుదేరింది.

షెడ్డుకు గోడలున్నాయి. పైన రేకులు లేవు. లోపల మోకాలిలోతు వాననీళ్లలో కప్పలు మాకంటే ముందే మీటింగు మొదలుపెట్టేశాయి, వాటికి కోరం కూడా ఉంది. ఛైర్మన్ తలెత్తి చాలాసేపు ఆకాశం చూసి, “గాలి బాగానే ఆడ్తాండాదప్పా” అన్నాడు. బావమరిది తన చెప్పులను శ్రద్ధగా పరిశీలించుకున్నాడు.

నన్ను పిలిచి ఏమని రాసినావు అని అడిగాడు ఛైర్మన్. ఏకగ్రీవంగా ఆమోదించారని, అన్నాను ఎరువుల కొట్టు కళ్ల ముందు కనబడుతుండగా. టీచరమ్మ చేతిసంచిలోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది. “జరిగింది రాయి బాబూ.”

సుమో బానెట్ మీద కాగితం పెట్టి, అంతా కొట్టేసి, షెడ్డు చూశారనీ, రేకులు లేవనీ, ప్రతిపాదన తిరస్కరించారనీ రాశాను. ఆ రాత్రే ట్రంకుపెట్టె సర్దుకున్నాను.

మర్నాడు ఛైర్మన్ పిలిచి, ఉద్యోగం ఖాయం చేసే లెటర్ కూడా ముందే టైపు చేసి పెట్టుకున్నావా అని అడిగాడు. చేసుకున్నాను సార్ అన్నాను. నిజంగానే చేసుకున్నాను. తెమ్మని సంతకం పెట్టి, “ఇదొక్కటే. ఇంకమీద మీటింగ్ అయినంక రాయప్పా” అన్నాడు.

ఇప్పుడు బెంగళూరులోనే మహదేవపురలో ఒక పెద్ద కంపెనీ అద్దాల మేడలో కూర్చున్నాను. నా కింద పనిచేసే కుర్రవాళ్లు రేపటి మీటింగు మినిట్సు ఈరోజే తెచ్చిస్తారు. జరిగింది రాయండని మా టీచరమ్మ చెప్పేదంటూ తిప్పి పంపిస్తాను. ఇంతకీ కప్పలు నిజం, లేని రేకులు నిజం, సుమో కూడా నిజమే (ఒళ్లో కూర్చున్నది మాత్రం ఒక్క డైరెక్టరే). నేను కల్పించింది ‘జరిగింది రాయి బాబూ’ అన్న ఆ ఒక్క వాక్యం. షెడ్డు దగ్గర ఆవిడ ఆ మాట అననే లేదు, నా వైపు చూసి నవ్వి పెన్ను ఇచ్చిందంతే.