పట్టని అంగీ

ఆ ధర్మాసుపత్రిలో మంచం దొరకాలంటే ముందు కొలతలివ్వాలి. రోగి కళ్లు మూసుకుని, చేతులు పక్కకు చాపి, ఊపిరి బిగబట్టి పడుకోవాలి. మిగతా రోగులు చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తుంటే అక్కడ బట్టలు కుట్టే టేపక్క రోగిని మెడ నుంచి మడమ దాకా కొలిచి, పోయినవాళ్లకు తొడిగే తెల్ల అంగీ కుట్టేది. అది తలగడ కింద ఉంటే చావు వచ్చి చూసి, ఇక్కడ పని అయిపోయిందనుకుని వెళ్లిపోతుందని పెద్దమ్మగారి నమ్మకం. ఆసుపత్రి ఆవిడది. మందులూ తిండీ ఉచితం.

బతికి ఇంటికెళ్లినవాళ్లు అంగీ మహిమకు సాక్ష్యం. పోయినవాళ్ల విషయంలో కొలత తప్పినట్టు లెక్క.

టేపక్క అంతకుముందు బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఎదిగే ఒళ్లని కాస్త వదులు ఉంచేది. ఇక్కడ వదులు పనికిరాదన్నారు. ఎవరైనా పోయిన రోజు పెద్దమ్మగారు తిట్టేవారు కాదు. కుట్టుగది గుమ్మంలో నిలబడి, "భుజం దగ్గర లాగినట్టుంది, చూసుకోమ్మా," అని మెల్లగా అనేవారు. అది విని విని టేపక్క అన్నం తింటూ కూడా ఎదుటివాళ్ల భుజాలు కళ్లతో కొలిచే స్థితికి వచ్చింది.

ఆ వానాకాలం ఆమె చెల్లెలికి ఊపిరితిత్తులు చెడ్డాయి. బయట వైద్యం చేయించే తాహతు లేక ఇక్కడికే తీసుకొచ్చింది.

"నాది మాత్రం సరిగ్గా కొలువక్కా."

"నీకు పిచ్చిగానీ పట్టిందా? చొక్కా చూసి చావు పారిపోతుందటే?"

"నీ తెలివి ఇంటికెళ్లాక చూపిద్దువుగాని. ముందు టేపు తియ్యి."

చెల్లెలు పడుకుంది. ప్రార్థన మొదలైంది. ఛాతీ మీద ఆనించిన టేపు కింద కదలికే లేదు.

"ఒసేయ్, ఊపిరి తీసుకోవే."

తీసుకోలేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు గొంతులు పెంచారు. టేపక్క ఆమె డొక్కలో గట్టిగా గిల్లింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"అంతా పాడుచేసింది మహాతల్లి," అన్నాడు పక్క మంచం ముసలాయన.

టేపక్క ఆ అంగీని కావాలనే బడిపిల్ల సైజులో కత్తిరించింది. చెల్లెలు బతికితే ఇక ఎవరూ శవంలా పడుకోనక్కర్లేదు. బతకకపోతే... అక్కడ కత్తెర ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

మందులు పనిచేశాయి. చెల్లెలు లేచి నడిచిన ఉదయం టేపక్క వార్డు మధ్యలో ఆ అంగీ విప్పి పట్టుకుంది.

"చూడండి పెద్దమ్మగారూ. కొలతా లేదు, పాడూ లేదు. ఇది దాని మోచేయి కూడా దాటదు. మందే బతికించింది."

పెద్దమ్మగారు అంగీని రెండు చేతులా అందుకున్నారు. కళ్లు చెమర్చాయి.

"ఇన్నాళ్లూ పొరబడ్డాం తల్లీ. చావు వచ్చింది. తొడిగి చూసింది. పట్టలేదు. వెళ్లిపోయింది."

"అయ్యో, అది కాదండీ..."

"నిజమేనక్కా," అంది చెల్లెలు మెడ తడుముకుంటూ. "మొన్న తెల్లారగట్ల ఇక్కడ ఎవరో గుడ్డ పట్టి లాగారు. బిగుతుగా. నేను కలేమో అనుకున్నాను."

రోగులు తలగడల కింద చేతులు పెట్టారు. ఒక్కొక్కరే తమ అంగీలు పట్టుకుని వచ్చారు. "నాది కురచ చెయ్యవా టేపక్కా?"

"దీని గడుసుతనం చూడు," అన్నాడు ముసలాయన. "కిటుకు ముందు తన చెల్లెలికి వాడుకుంది."

"అన్నీ మళ్లీ కుట్టేదాకా కొత్తవాళ్లకు మంచాలివ్వకండి," అని పెద్దమ్మగారు పనివాళ్లకు చెప్పారు.

బయట వరండాలో జనం దగ్గుతున్నారు. ఒక తల్లి పిల్లను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని ఉంది. పిల్ల తల వేలాడుతోంది.

కుట్టుగదిలో చెల్లెలు ఎదురుగా కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. టేపక్క మొదటి అంగీని బల్ల మీద పరిచింది.

"ఎంత కురచ చెయ్యమంటారు?" అని అడిగింది.