సరోజమ్మ టీచరు షట్టరు హాజరు

మా మేనత్త సరోజమ్మ టీచరు పరమపదించిన వార్త నాకు ధర్మవరంలో చేరింది. పట్టుచీరల అంగట్లో పెళ్లివాళ్లకు చీర విప్పి చూపిస్తున్నాను. హిందూపురం నుంచి ఆమె కొడుకు మురళి ఫోను. "బావా, అమ్మ పోయింది," అన్నాడు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసిన మనిషి మళ్లీ లేవలేదట. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఎవరెక్కడున్నారో చెప్పకుండా అడుగు కదపకూడదని ఇంటిల్లిపాదినీ శాసించిన తల్లి, తాను మాత్రం ఎవరికీ చెప్పకుండా ఎలా వెళ్తుంది? నా చేతిలో చీర అలాగే ఉండిపోయింది. కొనడానికి వచ్చిన పెద్దావిడే దాన్ని తీసుకుని మడిచిపెట్టింది.

పెనుకొండ బడిలో ఆమె చేసిన విద్యాదానం గురించి శిష్యులు రాస్తారు, రాయాలి కూడా. నేను ఆమె ఇంటి కారు షెడ్డు గురించి రాస్తాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, మేమూ చాలా నవ్వాం.

రిటైరయ్యాక అత్త, రంగప్ప మామ హిందూపురంలో కొడుకు కట్టిన ఇంటికి చేరారు. కింద కారు షెడ్డు, దానికి మోటారుతో నడిచే షట్టరు. ఆ షట్టరు దించాలంటే ఆమె పెట్టిన నియమం ఒకటుంది. మీట దగ్గర నిలబడి ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలవాలి. ఎవరికి వారు తామెక్కడున్నారో చెప్పి పలకాలి. "వంటింట్లో ఉండా", "మిద్దె మీదుండా". దీన్ని ఆమె హాజరు అనేది. ఒక్కరు పలకకపోయినా షట్టరు దిగదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకూ మినహాయింపు లేదు. ఒకసారి నేను ఒళ్లంతా సబ్బుతో బాత్రూములోంచి "ఈడుండానత్తా!" అని అరవాల్సి వచ్చింది. "బడిగంట కూడా తెచ్చి కొట్టమ్మా," అని మురళి ఎగతాళి చేసేవాడు. ఆమె ఏమాత్రం చలించేది కాదు.

ఈ పట్టుదలకు మూలం ఆమె ఎడమ చేతిలో ఉంది. ఆ చేతి రెండు వేళ్లు వంకరపోయి ఉండేవి. పెనుకొండలో మామకు విత్తనాల అంగడి ఉండేది. ఒక సాయంత్రం ఆమె గడప కడుగుతోంది. లోపల ఉన్న మామ ఆమెను చూడక, షట్టరును కిందికి లాగాడు. పైన స్ప్రింగు అరిగిపోయి ఉందేమో, అది ఆయన పట్టు తప్పి ఒక్కసారిగా ఆమె వేళ్ల మీద పడిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత, మామ పక్కనే ఉండగా, నేను నోరు జారి అడిగాను: "మామ మీద నీకు కోపం రాలేదా అత్తా?"

"కోపమేంటికబ్బా? ఆయన సూడలేదు," అంది. మళ్లీ తనే, "సూడకపోతే పాయ, అడగనూ లేదు. అడిగింటే పలికేదాన్ని," అంది.

మామ లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆమె వేళ్లు నలిగిన నాటి నుంచి ఆయన ఏ తలుపు మూసినా ముందు "సరోజా" అని పిలిచేవాడు. ఆమె పలికాకే చెయ్యి కదిపేవాడు.

వీధిలో వాళ్లకూ ఆమె పోరు తప్పలేదు. నెలకోసారి షట్టరు కింద చెక్కముక్క పెట్టి, తగలగానే వెనక్కి లేస్తోందో లేదో చూడమనేది. రిమోటు పిల్లలకు బొమ్మ కాదని కసిరేది. స్ప్రింగు జోలికి సొంతంగా పోయిన ఎదురింటాయనకు, "నీకు పది వేళ్లు బరువైనాయా నాయనా?" అని, తన చెయ్యి చూపించింది. ఆయన నిచ్చెన దిగి మెకానిక్కును పిలిపించాడు.

ఇక పోయిన ఆయుధపూజ నాటి సంగతి. కోడలు సుజాత కారుకూ షట్టరుకూ భక్తిగా బొట్లు పెడుతూ, గుమ్మానికి రెండు పక్కలా మోకాలెత్తున ఉండే సెన్సరు కళ్లకు కూడా నిండుగా పసుపు కుంకుమ పెట్టింది. అడ్డంగా ఎవరైనా ఉంటే కనిపెట్టి షట్టరును ఆపే కళ్లు అవి. వాటినే పూజ చేసి మూసేశాం. ఇలాంటి పొరపాటు మా ఇళ్లలోనే జరుగుతుంది.

కారును నిమ్మకాయల మీదుగా నడిపి తెచ్చి షెడ్డులో పెట్టారు. మురళి మీట నొక్కితే షట్టరు కాస్త దిగి, మళ్లీ పైకే పోతోంది. "నొక్కి పట్టుకుంటే దిగుతాదిలే," అన్నాడు. అలా పట్టుకుంటే ఆ కళ్లు ఆపలేవు. దిష్టి తీయడానికి బూడిదగుమ్మడికాయ పట్టుకుని బయట నిలబడిన అత్త, అక్కడి నుంచే హాజరు మొదలుపెట్టింది. అందరం పలికాం. నాలుగేళ్ల మనవరాలు చిన్ని పేరు పిలిచినప్పుడు వంటింట్లోంచి సుజాత పలికింది: "చిన్ని నా దగ్గరే ఉండాదత్తా!"

ఆ పిల్ల అంతకు ముందు క్షణం వరకూ అక్కడే ఉండింది. ఇప్పుడు షట్టరు కింద కూర్చుని నలిగిన నిమ్మకాయలు ఏరుకుంటోంది. కారు అవతల, మీట మీద వేలు పెట్టి ఉన్న మురళికి కనబడదు. అప్పుడే వీధిలో పూజ ట్రాక్టర్ల ముందు డప్పులు మొదలయ్యాయి. "ఆపురా!" అని అత్త అరిచింది, వాడికి వినబడలేదు. ఆమె పక్కనే ఉన్న నేను చూస్తూ నిలబడ్డాను. షట్టరు అంచు పిల్ల తలకు జానెడు ఎత్తు దాకా దిగిపోయింది. అత్త చేతిలోని గుమ్మడికాయను దాని కిందికి తోసి, రెండో చేత్తో, ఆ వంకర వేళ్లతోనే, చిన్ని గౌను పట్టి ఈడ్చింది. పిల్ల బయట పడింది. కాయ ఫెళ్లున పగిలింది. ఆ చప్పుడుకు మురళి వేలు తీశాడు.

అత్త ఎవరి మీదా అరవలేదు. కొడుకు వైపు తిరిగింది. "అది దిగనంటాంది అంటే ఏదో సెప్తాందని గదరా! బలవంతాన దించుతావా?" ఏడుస్తున్న సుజాత తల నిమిరి, "ఒకరి హాజరు ఇంకొకరు పలకగూడదమ్మా. ప్రేమతో పలికినా పలకగూడదు," అంది. తర్వాత కొంగుతో ఆ రెండు సెన్సరు కళ్ల మీది కుంకుమ తుడిచింది. ఆనాటి నుంచి మేమెవరం హాజరుకు నవ్వలేదు.

ఆమె పార్థివదేహాన్ని ఆ షెడ్డులోనే ఉంచాం. కదిరి నుంచి, పెనుకొండ నుంచి శిష్యులు వచ్చి నమస్కరించారు. అంత్యక్రియలు ముగిసి, స్నానాలయ్యాక, సాయంత్రం మురళి షట్టరు మీట దగ్గరకు వెళ్లాడు.

"ఆగురా," అన్నాడు మామ. మీట పక్కన తానే నిలబడి పిలిచాడు. మురళి పలికాడు. సుజాత పలికింది. "అవ్వ మంచం మీదుండా తాతా," అంది చిన్ని. నేనూ పలికాను. అప్పుడు మామ అలవాటు కొద్దీ "సరోజా" అన్నాడు.

ఆయన ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాడు. ఆమె ఇక లేదన్న మాట నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. మురళి తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆ రాత్రి షట్టరు దించలేదు.

అత్తా, నీలాంటి రక్షకురాలు మా వంశంలో మళ్లీ పుట్టదు. నీ పవిత్రస్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. అడిగింటే పలికేదాన్ని అన్నావు. మామ అడిగాడు. నీ బదులు మేమెవరమూ పలకలేదు. పలకకూడదు గదా.